సాక్ష్యం చెప్పే నోరు సభలో ఎందుకు మూగబోయింది?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సభల్లో ధైర్యంగా మాట్లాడటం గురించి మమ్మల్ని చెప్పమన్నారు. మాట్లాడటం గురించి మాట్లాడమన్నారన్నమాట! ఉపన్యాస కళ మీద పుస్తకాల్లో ఉన్నదంతా మేం అప్పజెప్పొచ్చు. దానివల్ల మీకు ఒరిగేదేం లేదు. అందుకని పదేళ్లుగా మేం పల్లెల్లో నడుపుతున్న రాత్రి తరగతుల్లో ఏం జరిగిందో, ఎక్కడ బోల్తా పడ్డామో అదే చెబుతాం. మేం అంటే నలుగురు పంతుళ్లం. నలుగురం కూలోళ్ల పిల్లలమే. మా ఇళ్లల్లో డిగ్రీ కాగితం చూసిన మొదటివాళ్లం మేమే. బడిలో పిల్లల ముందు గంటల తరబడి వాగే మేం, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మండలాఫీసు మీటింగులో ఒక్క ప్రశ్న అడగడానికి చెమటలు పట్టినవాళ్లమే. కాబట్టి పైనుంచి దిగొచ్చి చెబుతున్నామని అనుకోవద్దు.

ముందు ఒక సంగతి వినండి.

మా దగ్గర ఒక ఊళ్లో మన పల్లె శ్మశానానికి పోయే డొంక ఉంది. ఒకప్పుడు ఎద్దులబండి పోయేంత వెడల్పు. పక్క చేను ఆసామి ఏటా గెట్టు జరుపుకుంటూ, జరుపుకుంటూ వచ్చాడు. చివరికి ఎంతకొచ్చిందంటే, పాడె మోసేవాళ్లు పక్కపక్కన నడవలేక ఒకడు డొంకలో, ఒకడు చేలో కాలు పెట్టాల్సొచ్చింది. చేలో కాలు పెడితే బూతులు. చచ్చినవాణ్ని మోస్తూ కూడా తిట్లు తినాల్సిన బతుకు మనది. గ్రామసభలో ఈ సంగతి అడగాలని పల్లె అంతా కూర్చుని తీర్మానించుకున్నారు. మాట్లాడటానికి ఒక అక్కను ఎంచుకున్నారు.

ఆమె సామాన్యురాలు కాదు. కుళాయి దగ్గర ఆమె నోటికి ఎదురు లేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే అరగంట ఎవరూ కదలరు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు పెంచాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు, అన్నీ తెలుసు. అలాంటి మనిషి గ్రామసభలో లేచి నిలబడింది. ఎదురుగా బల్ల వెనక సర్పంచి, పక్కన తహశీల్దారు ఆఫీసు నుంచి వచ్చినాయన, ఆ పక్క కుర్చీల్లో కాలు మీద కాలేసుకుని ఆ చేను ఆసామి, ఆయన తమ్ముళ్లు. "ఏందమ్మా, చెప్పు" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదేనయ్యా... తమరికి తెలవంది ఏముంది" అని కూర్చుంది.

అంతే. పుస్తకంలో ఆ రోజు డొంక ముచ్చటే ఎక్కలేదు. ఆ రాత్రి ఆమె మాతో అన్న మాట మేం ఇప్పటికీ మర్చిపోలేదు. "దేవుడితో మాట్లాడ్డానికి లేని భయం వీళ్లతో ఎందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు సారూ."

మా తరగతులు పుట్టింది ఆ మాటలోంచే. మన వాళ్లకు నోరు లేదని అందరూ అంటారు. మన నాయకులూ అంటారు. అది అబద్ధం. నాట్లేసేటప్పుడు పాట కట్టేది మన ఆడోళ్లే. చావింట్లో చచ్చినవాడి బతుకంతా వరసపెట్టి రాగం తీసి చెప్పేది మనోళ్లే. వీధి నాటకం, చిందు, డప్పు మీద దండోరా, ఇవన్నీ ఎవరి విద్యలు? ఊరందరికీ వినపడేట్టు చాటింపు వేసే పని తరతరాలుగా మన చేత చేయించారు. అయితే అందులో మాట వాళ్లది, గొంతు మాత్రమే మనది. మన మాట మన గొంతుతో చెప్పే చోటు మనకు లేకుండా చేశారు. కాబట్టి మేం నేర్పాల్సింది మాటలు కాదని తొందరగానే తెలిసింది. ఉన్న నోటిని ఆ బల్ల ముందుకు ఎట్లా తీసుకుపోవాలన్నదే అసలు పని.

ఈ విద్య పట్నాల్లో డబ్బులకు నేర్పుతారు. మా నలుగురిలో ఒకాయన చిట్టీ పాడి ఫీజు కట్టి, సెలవు పెట్టి హైదరాబాదులో వారం రోజుల కోర్సు చేసొచ్చాడు. మేం మొదట నవ్వాం. తర్వాత ఆయన చెప్పినవి రాసుకున్నాం. ఇది పాత విద్యే. 1912లో న్యూయార్కులో డేల్ కార్నెగీ అనే ఆయన వైఎంసీఏ రాత్రి తరగతుల్లో దీన్ని మొదలుపెట్టాడు. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన టోస్ట్‌మాస్టర్స్ అనే సంఘం పెట్టాడు. అందులో ఒకడు మాట్లాడుతుంటే ఒకడు టైము చూస్తాడు, ఒకడు 'ఆ', 'ఊ' అని ఎన్నిసార్లు నసిగాడో లెక్కపెడతాడు, ఒకడు బాగున్నది ముందు చెప్పి, బాగుచేసుకోవాల్సింది తర్వాత చెబుతాడు. గురువంటూ వేరే ఉండడు, ఒకరికొకరు గురువులు. ఈ పద్ధతి మనకు బాగా పనికొచ్చింది. మంచి పనిముట్టు ఎవడి దగ్గరున్నా తెచ్చుకోవాల్సిందే.

కానీ ఆ కోర్సులో ఒక రోజు ఏం జరిగిందంటే, నేర్పేవాడు "మీ ఎదురుగా కూర్చున్నవాళ్లంతా మీ స్నేహితులనుకోండి, భయం పోతుంది" అన్నాడట. మా మిత్రుడు లేచి, "ఎదురుగా కూర్చున్నవాడు మా తమ్ముడికి కౌలు ఇచ్చేవాడైతే?" అని అడిగాడట. ఆయన నవ్వేసి, పాజిటివ్‌గా ఆలోచించమన్నాడు!

ఆయన తప్పేం లేదు. ఆయనకు తెలిసింది ఒక్క భయమే. మనకు రెండున్నాయి. ఒకటి నోటి భయం, ఇంకోటి కూటి భయం. నోటి భయం అంటే గుండె దడ, నాలిక పిడచకట్టటం, కాళ్లు వణకటం. అది కలెక్టరుకైనా ఉంటుంది, సాధనతో పోతుంది. కూటి భయం వేరు. ఇవాళ మాట్లాడితే రేపు కూలికి పిలవరు, కౌలు పోతుంది, పాలకేంద్రంలో పాలు వెనక్కి కొడతారు. అది మనసులో పుట్టిన భ్రమ కాదు, లెక్క ఉన్న భయం. కారంచేడులో మంచినీళ్ల చెరువును పాడుచేయొద్దని అడిగిన మాటతో మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. మాట్లాడితే ఏమవుతుందో మన పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లను పిరికివాళ్లనే హక్కు మనకు లేదు. ఈ రెండు భయాలకూ ఒకే మందు వేస్తే మనిషి చస్తాడు. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తప్పు సంగతి తర్వాత చెబుతాం.

బాబాసాహెబ్ సంగతి చూడండి. 1920 జనవరి 31న మొదటి పత్రిక పెడితే దానికి 'మూక్‌నాయక్' అని పేరు పెట్టాడు. మూగవాళ్ల నాయకుడని అర్థం. 1936లో లాహోరులో జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు అధ్యక్షుడిగా రమ్మని పిలిచి, ఆయన రాసిన ప్రసంగం ముందే చదివి భయపడ్డారు. కొన్ని మాటలు తీసేయమన్నారు. తీయనన్నాడు. సభే రద్దయింది. ఆయన ఆ ప్రసంగాన్ని తన డబ్బులతో అచ్చేయించాడు. అదే 'కుల నిర్మూలన'. మైకు ఇవ్వకపోతే కాగితం ఉంది. కాగితం మీద రాసుకుని ఉన్నాడు కాబట్టే ఆ మాట బతికింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1956లో, చివరి ఏడాదిలో, ఒళ్లు సహకరించకపోయినా, రాజకీయాల్లోకి వచ్చేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి బొంబాయిలో ఒక పాఠశాల మొదలుపెట్టాడు. ఆ డిసెంబరు 6న ఆయన పోయాడు, తర్వాత ఆ బడీ నిలబడలేదు. నాయకుడు పుట్టుకతో రాడనీ, తయారుచేసుకోవాలనీ ఆయనకు తెలుసు.

మన తెలుగు నేల మీద కూడా కొత్తేం కాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతోనే జనాన్ని కూడగట్టాడు. 1917లో బెజవాడ సభకు ఆయనే అధ్యక్షుడు. జాషువా కవి పొట్టకూటి కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పేవాడు. తెర మీద బొమ్మ మూగది, పక్కన నిలబడి నోరిచ్చింది మనవాడు!

సరే, ఇక తరగతిలో ఏం చేస్తామో చెబుతాం.

మొదటి రాత్రి అగ్గిపెట్టెతో మొదలు. ఒకరు లేచి అగ్గిపుల్ల గీస్తారు. అది వేలు కాలేలోపు మూడే చెప్పాలి. నా పేరిది, నా వీధి ఇది, నాకు కావాల్సింది ఇది. మొదట్లో పుల్ల ఆరిపోతుంది గాని పేరు దాటి మాట రాదు. మా ఊళ్లలో ఆడవాళ్లు పేరడిగితే ఫలానావాడి భార్యనని చెబుతారు. తన పేరు తాను గట్టిగా పలకడమే కొందరికి మొదటి ఉపన్యాసం. ఒక పెద్దమ్మ అరవై ఏళ్ల వయసులో తన పేరు నలుగురిలో చెప్పి, తనే నవ్వి, తనే ఏడ్చింది. మేం చూశాం.

తర్వాత చెరువుకట్ట. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. అరవకుండా వినపడాలి. అరిస్తే గొంతు బొంగురుపోతుంది, పైగా "ఎందుకు మీదమీదకొస్తావు" అనే సాకు వాళ్లకు దొరుకుతుంది. పొట్టలోంచి ఊపిరి తీసి నిదానంగా మాట వదలాలి. డప్పు కొట్టేవాళ్లకు, పొలంలో ఈ గెట్టు నుంచి ఆ గెట్టుకు కేకేసేవాళ్లకు ఇది గంటలో వస్తుంది. చదువుకున్న పిల్లలకే ఆలస్యం.

భాష సంగతి ఒకటుంది. మనోళ్లు మైకు ముందుకు రాగానే పుస్తక భాష మాట్లాడబోయి తడబడతారు. "గౌరవనీయులైన" దగ్గరే సగం ఊపిరి అయిపోతుంది. ఇది మా పంతుళ్ల పాపమే. పిల్లవాడు "పోయిన్నాడు" అంటే నవ్వి సరిదిద్దిందీ మేమే, ఇప్పుడు వాడు నోరు విప్పడంలేదని బాధపడేదీ మేమే. కుళాయి దగ్గర ఏ భాషో సభలోనూ అదే భాష మాట్లాడండి. తిట్లు తీసేస్తే చాలు.

ఒళ్లు కూడా మాట్లాడుతుంది. కామందు కనపడగానే తువ్వాలు భుజం మీద నుంచి చంకలోకి జారుతుంది. చేతులు కట్టుకుంటాయి, నడుం వంగుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, తాతల నాటి అలవాటు. మేం తరగతిలో ఒకటే చెబుతాం. చేతిలో ఒక కాగితం పట్టుకోండి. కాగితం పట్టుకున్న చెయ్యి కట్టుకోవడానికి రాదు. ఆ కాగితం మీద నాలుగు ముక్కలు చాలు. తేదీ, సర్వే నంబరు, ఎన్ని కుటుంబాలు, ఏం కావాలి. చదువు రాని వాళ్లకు బొమ్మలు గీసిస్తాం. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగినప్పుడు గమనించారా? ఎన్నడూ నోరు విప్పని కూలి మనిషి లేచి, "ఈ కార్డులో నేను చేసిన రోజులివి, మస్టర్లో మీరు రాసుకున్న రోజులవి" అని అడిగింది. ఆ ధైర్యం చేతిలోని జాబ్ కార్డు ఇచ్చింది. లెక్క దగ్గరుంటే నోరు తడబడదు.

అన్నిటికన్నా జనం ఇష్టపడేది నాటకం. ఒక కుర్చీ వేస్తాం. ఒకరు తహశీల్దారు, ఒకరు సర్పంచి మొగుడు, ఒకరు ఆసామి. ఇంకొకరు మాట్లాడాలి, వీళ్లు అడ్డం పడాలి. "ముందు కూర్చో", "నీకెవరు చెప్పారు ఈ మాటలు", "అర్జీ ఇచ్చి పో, చూద్దాం", "ఇది ఈ సభలో విషయం కాదు". ఇలాంటి అడ్డంకులు పది పోగేశాం. పదింటికీ జవాబు సాధన చేయించాం. "కూర్చుంటానయ్యా, నేను అడిగింది పుస్తకంలో రాశాక కూర్చుంటా." ఈ ఒక్క వాక్యం వందసార్లు పలికించాం. మీరు నమ్మరు గాని, ఆసామి వేషం అందరికన్నా బాగా వేసింది ఇరవై ఏళ్లు జీతం చేసిన పాలేరు. ఆ మీసం తిప్పడం, ఆ ఉమ్మెయ్యడం, ఆ "ఏరా" అనడం! పల్లె అంతా పడీపడీ నవ్వింది. నవ్విన తర్వాత ఆ ఆసామి మునుపటంత ఎత్తుగా కనపడలేదని వాళ్లే చెప్పారు.

మైకు గురించి ఒక్క ముక్క. జానెడు దూరంలో పెట్టుకోండి, చేత్తో తట్టొద్దు, 'హలో హలో' అనొద్దు. మైకు ఆపేస్తే ఆగొద్దు. చెరువుకట్ట సాధన అందుకే. ఇంకా ముఖ్యం, మాట అయిపోగానే పని అయిపోయిందనుకోవద్దు. తీర్మానాల పుస్తకంలో రాసింది చదివించుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయొద్దు. నకలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. చప్పట్లు కొట్టించుకుని పుస్తకంలోకి ఎక్కని ఉపన్యాసం గాలికి పోయినట్టే.

ఇప్పుడు మా తప్పులు.

ఒక కుర్రాడికి బాగా నేర్పాం. చురుకైనవాడు. ఏడాదిలో మైకు దొరికితే వదలనంతవాడయ్యాడు. 14 ఏప్రిల్ సభకు అతనుండాల్సిందే. ఫూలే, అంబేద్కర్, రాజ్యాంగం, అన్నీ గడగడా. కానీ అతని వీధిలో ఆరు నెలలుగా బోరు చెడిపోయి ఉంది, ఆ సంగతి ఒక్క సభలోనూ ఎత్తలేదు. వాళ్లమ్మే మాతో అన్నది, "నా కొడుక్కి మాటలు నేర్పారు, సంతోషం. ఆ మాటల్లో కాస్త నీళ్లు కూడా పొయ్యండి సారూ" అని. సిగ్గేసింది. అప్పటి నుంచి మా తరగతిలో మొదటి ఉపన్యాసం సొంత వీధి మీదే. బాబాసాహెబ్ మీద మాట్లాడటం చివరి పాఠం.

రెండోది ఇంతకన్నా పెద్ద తప్పు. డొంక సంగతి మాట్లాడటానికి రెండోసారి ఒక అన్నను తయారుచేశాం. నెల రోజులు సాధన. సభలో ఎదురులేకుండా మాట్లాడాడు. సర్వే చేయించాలని తీర్మానం రాయించాడు. మేం పొంగిపోయాం, భుజం తట్టాం, ఎవరిళ్లకు వాళ్లం పోయాం. మాకు ఒకటో తారీకు జీతం వస్తుంది. ఆయనకు రెండెకరాల కౌలు ఉండేది. ఆ ఏడు ఆ కౌలు పోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, "ఈసారి మేమే చేసుకుంటాం" అన్నారంతే. దానిమీద కేసేం పెడతారు? ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆయన భార్య మాత్రం రెండేళ్లు మాతో మాట్లాడలేదు. న్యాయమే. నోటి భయం తీసేసి, కూటి భయాన్ని ఆయన ఒక్కడి నెత్తిన వదిలేసి వచ్చాం. శిక్షణ ఇచ్చేవాళ్లు ఎవరైనా సరే, ఎదుటివాడి కూటితో ధైర్యం చేయడం తేలిక.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఒక విషయానికి ఒక్కరు మాట్లాడరు. నలుగురు మాట్లాడతారు, తలా ఒక ముక్క. ఒకరు తేదీ, ఒకరు సర్వే నంబరు, ఒకరు పడిన కష్టం, ఒకరు కావాల్సింది. ఆ నలుగురిలో ఇద్దరు ఆ ఆసామి మీద ఆధారపడనివాళ్లు ఉండాలి. వెనక పల్లె అంతా కూర్చోవాలి. ఎవరికైనా పని పోతే ఆ సీజను గడిచేదాకా మిగతావాళ్లు చూసుకోవాలని ముందే మాట అనుకోవాలి. దానికి మేం నలుగురం నెలకింత అని పక్కన పెడుతున్నాం. గొప్ప కోసం చెప్పడంలేదు, అది మేం తీర్చాల్సిన అప్పు.

ఇంకా, మొదటి సాధన పెద్ద సభలో పెట్టొద్దు. నెలనెలా 30వ తేదీన పౌరహక్కుల దినం మన పల్లెల్లోనే జరపాలి. జరపకపోతే జరపమని అడగండి. అధికారి మన వీధికొచ్చి, మన అరుగు మీద కూర్చుంటాడు. అక్కడ గొంతు తేలిగ్గా లేస్తుంది. అక్కడ రెండు మూడుసార్లు మాట్లాడినవాళ్లే గ్రామసభకు, తర్వాత సోమవారం కలెక్టరాఫీసుకు.

ఆడవాళ్ల సంగతి. 1995 ఎన్నికల నుంచి వార్డుల్లో, సర్పంచి సీట్లలో మన ఆడవాళ్లు కూర్చుంటున్నారు. కూర్చుంటున్నారు గాని మాట్లాడేది మొగుడు. ఈ సంగతిలో మన మగాళ్లు ఆసాములకేం తీసిపోరు. మా తరగతుల్లో కూడా మొదటి రెండేళ్లు మైకు మగాళ్ల చేతిలోనే తిరిగింది. ఇప్పుడు ఒక నియమం పెట్టాం. ఆడవాళ్లు ఇద్దరు మాట్లాడితేగాని మగాడు లేవకూడదు. గొణుగుతున్నారు. గొణగనీండి.

మొదట చెప్పిన అక్క సంగతి అడుగుతారు. ఆమె ఆ సభ తర్వాత తరగతికి రానంది. చాలా రోజులు రాలేదు. ఒక రాత్రి వచ్చి వెనక కూర్చుంది. తర్వాత్తర్వాత ఆసామి వేషం కూడా వేసింది! పోయిన పౌరహక్కుల దినంలో లేచి, "మా శవాలకు దారి కావాలి" అని మొదలుపెట్టి పది నిమిషాలు మాట్లాడింది. కాళ్లు వణికాయని తర్వాత చెప్పింది. మాకు కనపడలేదు.

డొంక ఇంకా ఇరుగ్గానే ఉంది. సర్వే తీర్మానం ఆఫీసులో ఎక్కడో ఆగింది. దాని నకలు మన దగ్గరుంది. వచ్చే గ్రామసభలో మళ్లీ అడగాలి. ఆ ఊరివాళ్లు ఇక్కడ పదకొండు మంది ఉన్నారు. అందులో ఏ నలుగురు లేస్తారో, వాళ్ల వెనక ఎవరెవరు కూర్చుంటారో, కౌలు చేసేవాళ్లు ఎవరో ఈ సాయంత్రం తేల్చుకుందాం. ఇప్పుడు భోజనాలు. అన్నాలు తినంగానే అందరూ కట్ట మీదకు రండి. వచ్చేటప్పుడు రెండు అగ్గిపెట్టెలు తెండి, ఉన్నవి అయిపోయినాయి.